షష్టిపూర్తి ఆల్బముకు 600 ఫొటోలు: ఇంట్లో ప్రింటరు కొనాలా, ల్యాబుకు ఇవ్వాలా?

మాంబళంవాసి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము చెన్నైలో పశ్చిమ మాంబళంలో ఉంటాము. వచ్చే మాఘమాసంలో మా నాన్నగారి షష్టిపూర్తి. అమ్మానాన్నల పెళ్లినాటి నుంచి ఇప్పటివరకు ఉన్న ఫొటోల్లో దాదాపు 600 ఏరి, ప్రింట్లు తీయించి, ఆల్బములుగా కూర్చి అమ్మ చేతికి ఇవ్వాలన్నది నా కోరిక. అమ్మకు ఫోనులో ఫొటోలు చూడడం బొత్తిగా నచ్చదు. వేలితో తోస్తే వెళ్లిపోయేవి ఫొటోలు కావనీ, ఒళ్లో పెట్టుకుని పేజీ తిప్పితేనే మనుషులు గుర్తుకొస్తారనీ అంటుంది.

ఈ 600లో 150 దాకా పాత ప్రింట్లు. వాటిని స్కాన్ చేయాలి. నెల్లూరులో తాతగారి ఇంట్లో తీసిన నలుపుతెలుపు ఫొటోలు కూడా అందులో ఉన్నాయి. మిగిలినవాటిలో సగం మా కెమెరాతోనూ ఫోన్లతోనూ తీసినవి, సగం బంధువులు వాట్సాప్‌లో పంపినవి.

మా వీధి చివరి ల్యాబువారు 4×6 ప్రింటుకు 10 రూపాయలు చెప్పారు. అంటే మొత్తం 6,000 రూపాయలు. మా తమ్ముడు మాత్రం 20,000 రూపాయలకు పైన పెట్టి ఆరు రంగుల ఇంకు ట్యాంకు ప్రింటరు కొంటే ఈ ఫొటోలన్నీ ఇంట్లోనే తీసుకోవచ్చనీ, ఆ తరువాత పిల్లల స్కూలు ప్రాజెక్టులకూ పనికొస్తుందనీ పట్టుబడుతున్నాడు. వాడి మాట నన్ను ఆకర్షించడానికి కారణం ఉంది. కిందటేడు ఒక ల్యాబులో 40 ఫొటోలు కడిగిస్తే, చామనఛాయలో ఉండే నాన్నగారు పాలిపోయిన మనిషిలా వచ్చారు; అమ్మ పెళ్లినాటి మెరూన్ పట్టుచీర టమాటా రంగుకు తిరిగి, జరీ అంచు పక్కనున్న నేత అంతా ఒకే ముద్దలా కనిపించింది. ఆ ఫొటోలను అమ్మకు చూపించడానికి నాకు మనసు ఒప్పలేదు.

డబ్బు తేడాను భరించగలను. రంగు నిజంగా రావాలి, కనీసం నా పిల్లలు పెద్దయ్యేదాకా ప్రింట్లు నిలవాలి. ఈ రెండింటికీ ఏ దారి మంచిదో, రెండు దారులూ తెలిసినవారు చెప్పగలరా?


చీకటిగది రాసిన జవాబు

అమ్మా, నమస్కారం. నేను వడపళనిలో ఒక కలర్ ల్యాబులో 18 ఏళ్లు మెషీను నడిపినవాడిని. ఇప్పుడు ఆ పనిలో లేను కాబట్టి ఎవరి వైపూ మాట్లాడవలసిన అవసరం నాకు లేదు. మీ ప్రశ్నకు ముందుగా ఒక సంగతి విడదీయాలి, ఎందుకంటే ల్యాబు అనే ఒక్క మాట కింద ఇప్పుడు కనీసం మూడు వేర్వేరు పద్ధతులు నడుస్తున్నాయి.

మొదటిది అసలైన ఫొటో పేపరు. ఈ మెషీనులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు, చాలా మెషీన్లలో లేజరు కిరణాలు, వెండి లవణాలు పూసిన కాగితం మీద బొమ్మను వేస్తాయి. ఆ కాగితం డెవలపరు, బ్లీచ్-ఫిక్సు అనే రెండు కెమికళ్లలో మునిగి, నీళ్లలో కడుక్కుని, ఆరి బయటకు వస్తుంది. ఈ పద్ధతిని ఆర్ఏ-4 అంటారు. ఇందులో ఇంకు అనేదే లేదు. రంగు కాగితం లోపలి జెలటిన్ పొరల్లో పుడుతుంది. ఫ్యూజీ ఫ్రాంటియరు, నోరిట్సు మెషీన్లు చాలా ల్యాబుల్లో ఈ పనికే ఉండేవి. రెండోది డ్రై ల్యాబు. పేరు ల్యాబే అయినా లోపల ఉన్నది పెద్ద ఇంకుజెట్ ప్రింటరే. మూడోది డిజిటల్ ప్రెస్సు, పుస్తకంలా కుట్టి ఇచ్చే ఫొటోబుక్కులు చాలావరకు దీని మీద అచ్చవుతాయి. భూతద్దం పెట్టి చూస్తే ప్రెస్సు బొమ్మలో చుక్కలు కనిపిస్తాయి, ఆర్ఏ-4 ప్రింటులో కనిపించవు. మీరు వెళ్లే ల్యాబులో ఏది నడుస్తోందో నేరుగా అడగండి, అడిగితే దాచరు. ప్రింటు వెనక్కి తిప్పి చూసినా చాలాసార్లు పేపరు పేరు లేత అక్షరాల్లో ఉంటుంది. ఫ్యూజీఫిల్మ్ క్రిస్టల్ ఆర్కైవ్ అని ఉంటే అది వెండి లవణాల పేపరే.

ఇప్పుడు రంగు సంగతి. డెవలపరుకు గాలి తగిలితే చాలు, అది మెల్లగా చెడిపోతుంది. మెషీనులోకి వెళ్లే ప్రతి కాగితమూ కొంత కెమికలును వాడుకుంటుంది, ఆ మేరకు కొత్త కెమికలు ట్యాంకులో చేరుతుంది. రోజంతా కాగితం నడుస్తూ ఉంటే ట్యాంకు ఎప్పటికప్పుడు తాజాగా ఉంటుంది; రోజుకు ఇరవై ప్రింట్లు మాత్రమే పడే చోట పాత కెమికలే ఉండిపోయి రంగు ఒక పక్కకు ఒరుగుతుంది. మేము ఉదయం మెషీను వేడెక్కగానే కంట్రోల్ స్ట్రిప్పు అనే పరీక్షపట్టీ తీసి రంగుల గాఢతను చూపే డెన్సిటోమీటరు మీద కొలిచి, లెక్క కుదిరాకనే కస్టమరు పనిని ముట్టుకునేవాళ్లం. పని పలచబడ్డ ల్యాబుల్లో ఈ అలవాటే ముందు పోతుంది. అందుచేత ల్యాబును ఎంచుకునేటప్పుడు బోర్డు చూడవద్దు, రేటూ చూడవద్దు. పెళ్లి ఫొటోగ్రాఫర్లు తమ పని ఎక్కడ వేయిస్తున్నారో కనుక్కుని అక్కడికి వెళ్లండి. ముహూర్తాల రోజుల్లో అక్కడ మెషీను ఆగదు. మీ తమ్ముడు కొనమంటున్న ప్రింటరుకూ ఇదే వర్తిస్తుంది, దాని నోటిలో ఇంకు ఎండిపోతుంది. ఈ రెండు యంత్రాలూ ఖాళీగా కూర్చుంటేనే పాడవుతాయి. యంత్రాన్ని నిత్యం నడిపేవారు ఎవరన్నది చూసుకుంటే మీకు సగం జవాబు దొరుకుతుంది.

నాన్నగారు పాలిపోయి రావడం మాత్రం కెమికలు తప్పు కాకపోవచ్చు. అది చాలావరకు మా ఆపరేటర్ల అలవాటు. మెషీను ముందు పసుపు, మెజెంటా, సయాన్, డెన్సిటీ (ముదురు లేతలు) అని నాలుగు రకాల కీలు ఉంటాయి. ముఖం తెల్లగా వస్తే కస్టమరు సంతోషిస్తాడని పనిలో చేరిన మొదటి వారంలోనే మాకు నేర్పేవారు, నేనూ ఏళ్ల తరబడి అలాగే చేశాను. ఒకసారి ఒక పెద్దావిడ, పోయిన భర్త ఫొటోను పెద్దది చేయించుకోవడానికి వచ్చి, నేను ఇచ్చిన ప్రింటు చూసి, "ఆయన రంగు నాకు తెలియదా బాబూ, ఈయన ఎవరో" అని బల్ల మీద పెట్టేశారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ తరువాత నేను ఒంటిరంగు మీద కీ వేసిన ప్రతిసారీ ఫొటోలోని మనిషిని అడిగి వేస్తున్నట్లుగానే చూసుకున్నాను. కాబట్టి ల్యాబులో ఇచ్చేటప్పుడు "కరెక్షన్ ఏమీ వద్దు, ఫైలు ఎలా ఉంటే అలాగే వేయండి" అని కవరు మీద రాయించండి. నోటితో చెబితే షిఫ్టు మారేసరికి ఆ మాట పోతుంది.

కరెక్షన్ వద్దన్నాక ఫైలును సరిగ్గా ఉంచే బాధ్యత మీది అవుతుంది. ప్రింటు నల్లగా వచ్చిందని ల్యాబుకు తిరిగి వచ్చేవారిలో ఎక్కువమంది ఫోను వెలుతురు నిండా పెట్టి ఫొటో చూసినవాళ్లే. తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం గదిలోని వెలుగును మాత్రమే తిరిగి ఇస్తుంది. పగటిపూట కిటికీ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టుకుని, తెర మీది తెలుపు దానితో సమానంగా కనిపించేదాకా వెలుతురు తగ్గించి, అప్పుడు ఫొటోలు సరిచూడండి. పట్టుచీర సంగతికి వస్తే, కుంకుమ, మెరూన్, మందార వంటి గాఢమైన ఎరుపులు కాగితం పట్టగలిగిన హద్దును దాటినప్పుడు లోపలి మడతలూ నేతా కలిసిపోయి ముద్దగా వస్తాయి. ఆ ఒక్క ఎరుపు గాఢతను కొద్దిగా దించితే నేత మళ్లీ కనిపిస్తుంది. ఫైళ్లన్నీ ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పరిధిలో ఉండేలా చూసుకోండి. ఐఫోను ఫొటోలు పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఉంటాయి. ల్యాబు సాఫ్ట్‌వేరు ఆ గుర్తును పట్టించుకోకపోతే రంగులు వెలిసినట్లు వస్తాయి.

కత్తిరింపు గురించి కూడా ఇప్పుడే చెబుతాను, ఎందుకంటే ప్రింట్లు వచ్చాక తలలు పోయాయని బాధపడి లాభం లేదు. ఫోను ఫొటో సాధారణంగా 4:3 కొలతలో ఉంటుంది, 4×6 కాగితమేమో 3:2. ఫొటోను కాగితం నిండా వేస్తే దాని పొట్టి వైపు కొలతలో తొమ్మిదో వంతు పోతుంది. గుంపు ఫొటోల్లో నిలుచున్న వరుస జుట్టూ, కూర్చున్న వరుస కాళ్లూ అక్కడే పోతాయి. చుట్టూ తెల్ల అంచు ఉంచి మొత్తం ఫొటో వేయమనండి, లేదా ముఖ్యమైనవాటికి 6×8 తీయించండి, అది సరిగ్గా 4:3.

వాట్సాప్ ఫొటోలను వేరే కుప్ప చేయండి. మామూలుగా పంపిన ఫొటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే ప్రింటు నిండుగా ఉంటుంది, కనుక 4×6కు 1800×1200 కావాలి. 1600 ఉన్నా ఆ సైజులో ఇబ్బంది ఉండదు. అదే ఫొటోను 8×12 చేయిస్తే ముఖాలు మెత్తబడిపోతాయి. పెద్దవి చేయించదలచినవాటిని మాత్రం బంధువులకు ఫోను చేసి, అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపమని అడగండి.

600 ఫొటోలూ ఒకేసారి ఇవ్వవద్దు. నాన్నగారి ముఖం దగ్గరగా ఉన్నది, ఆ పట్టుచీర, ఒక నలుపుతెలుపు, రాత్రి దీపాల వెలుగులో తీసినది, ఒక గుంపు, ఒక పచ్చని తోట, ఇలా ఆరు ఏరి, రెండు ల్యాబుల్లో వేయించి పోల్చండి. ఖర్చు 120 రూపాయలు. నచ్చిన ప్రింట్లను నమూనాగా కవరులో పెట్టి మిగిలిన పనితో పాటు ఇవ్వండి, ఆపరేటరుకు అంతకంటే స్పష్టమైన మాట మరొకటి ఉండదు.


ఆరురంగులు రాసిన జవాబు

చీకటిగది గారు ల్యాబు వైపు సంగతులన్నీ చెప్పారు. నేను పోరూరులో ఆరేళ్లుగా ఇంట్లోనే ప్రింట్లు తీస్తున్నాను, ప్రింటరంటే నాకు ప్రాణం. అయినా ఈ 600 ఫొటోల కోసం మాత్రం కొనవద్దనే చెబుతాను.

మీ తమ్ముడుగారి లెక్కలో రాని ఖర్చులు కొన్ని ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టినవారికి మొదటి యాభై అరవై కాగితాలు నేర్చుకోవడానికే పోతాయి. కాగితం రకాన్ని ప్రింటరు సెట్టింగుల్లో సరిగ్గా చెప్పకపోయినా, రంగుల సర్దుబాటును ప్రింటరూ కంప్యూటరూ రెండూ తలకెత్తుకున్నా బొమ్మ పాడవుతుంది. హెడ్డులో ఇంకు చిమ్మే సన్నని రంధ్రం, అంటే నాజిల్, మూసుకుపోయి, దాన్ని శుభ్రం చేసే హెడ్ క్లీనింగు పెట్టిన ప్రతిసారీ కొంత ఇంకు వృథా ఇంకు ప్యాడులోకి పోతుంది. ఆ ప్యాడు నిండితే ప్రింటరు ఆగిపోతుంది. కొన్ని నమూనాల్లో దాన్ని మనమే మార్చుకోవచ్చు, కొన్నింటిలో సర్వీసు సెంటరుకు మోసుకుపోవాలి. నేను ప్రతి ఆదివారం ఉదయం కాఫీ తాగేలోపు ఒక రంగుల ఫొటో తప్పనిసరిగా తీస్తాను, ఊరికి వెళితే ఆ పని మా అబ్బాయికి అప్పగిస్తాను. మరొక సంగతి చాలామందికి తెలియదు: ప్రింటరును దాని సొంత బటనుతోనే ఆపాలి. గోడ స్విచ్చు కట్టేస్తే హెడ్డు తన మూత కిందికి చేరకుండా మధ్యలోనే నిలిచిపోయి, ఇంకు ఎండిపోతుంది. స్కూలు ప్రాజెక్టుకు నెలకు ఒకసారి తీసే ఇంట్లో ఆరు రంగుల హెడ్డు ఎక్కువ కాలం ఆరోగ్యంగా ఉండదు.

చెన్నై గాలి కూడా పరీక్షే పెడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఫొటో పేపరు తేమ పీల్చి వంకర తిరుగుతుంది, అంచులు హెడ్డుకు రాసుకుని నల్లటి గీతలు పడతాయి. నేను పేపరును దాని కవరులోనే సిలికా జెల్ పొట్లంతో మూసి ఉంచుతాను, తీసిన ప్రింటును ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చాకనే ఆల్బములో పెడతాను. మీకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో పని ముగియాలంటే సరిగ్గా ఈ వానల్లోనే ప్రింటింగు చేయవలసి వస్తుంది.

నిలకడ గురించి అడిగారు. ఇంట్లో వాడే ఇంకు ట్యాంకు ఫొటో ప్రింటర్లలో ఎక్కువ భాగం డై ఇంకువి. రంగు నీళ్లలో ఉప్పులా కరిగి ఉండే ఇంకు ఇది, మెరుపు కాగితం మీద చాలా అందంగా ఉంటుంది, కానీ వెలుతురుకూ, గాలిలోని ఓజోనుకూ, తేమకూ త్వరగా లొంగుతుంది. పిగ్మెంటు ఇంకులో రంగు సన్నని రేణువులుగా ఉంటుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ ప్రింటర్ల ధర వేరు. కంపెనీ ఇంకు బదులు రిచీ స్ట్రీటులో దొరికే చవక ఇంకు పోస్తే ఎలా ఉంటుందో నేను చూశాను. మా హాలులో కిటికీకి ఎదురుగా పెట్టిన ఫొటో రెండేళ్లు తిరగకుండానే ముఖాలు పసుపుపచ్చగా తేలిపోయాయి, అదే రోజు తీసి ఆల్బములో పెట్టినది బాగానే ఉంది.

అయితే ఇంట్లో ప్రింటరు ఇచ్చే తృప్తిని నేను తక్కువ చేయలేను. మా తాతగారి నలుపుతెలుపు ఫొటో ఒకటి, చిరిగి మరకలు పడినది, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల లెక్కన) స్కాన్ చేసి, మరకలు తుడిచి, మొదటి ప్రింటులో నీడలు ఆకుపచ్చగా వస్తే సర్ది, రెండోదానిలో కళ్లు చీకటిలో మునిగితే తేల్చి, ఇలా ఒక శనివారమంతా కూర్చుని ఏడు ప్రింట్లు తీశాను. ఏడోదానిలో ఆయన చూపు వచ్చింది. ఏ ల్యాబూ ఒక ఫొటోకు ఒక రోజు ఇవ్వలేదు, ఇవ్వమని అడగడమూ న్యాయం కాదు. నలుపుతెలుపు ఫొటోలకు రంగుల పద్ధతిలో ఎక్కడ తీసినా ఏదో ఒక ఛాయ అంటుకుంటుంది కాబట్టి, మీ నెల్లూరు ఫొటోల్లో ప్రాణప్రదమైనవి నాలుగైదు ఉంటే వాటికి మాత్రం ఇలా ఓపికగా పనిచేసేవారిని చూసుకోండి.

షష్టిపూర్తి రోజుకు నాకు మరొక ఆలోచన వచ్చింది. క్యానన్ కంపెనీ 'సెల్ఫీ' (Selphy) మోడలు వంటి చిన్న డై-సబ్లిమేషన్ ప్రింటరు ఎవరి దగ్గరైనా అరువు దొరికితే తెచ్చుకోండి. ఇందులో ద్రవపు ఇంకు ఉండదు. రిబ్బను మీది పసుపు, మెజెంటా, సయాన్ రంగులను వేడితో ఒకదాని తరువాత ఒకటి కాగితంలోకి ఎక్కించి, చివరన పైన ఒక రక్షణ పొర వేస్తుంది. నెలల తరబడి మూల పెట్టినా నాజిల్ మూసుకుపోవడమనే బెడద లేదు, ప్రింటు చేతికి వచ్చేసరికే ఆరి ఉంటుంది. పోస్టుకార్డు సైజు దాటి రాదు, అది ఒక్కటే లోటు. ఆశీర్వచనానికి వచ్చిన పెద్దలు దంపతులతో దిగిన ఫొటోను తాంబూలం ఇచ్చే సంచీలోనే పెట్టి పంపవచ్చు.


అడయారుగట్టు రాసిన జవాబు

నాకు ప్రింటర్ల గురించి పెద్దగా తెలియదు. నిలకడ గురించి మాత్రం ఒక అనుభవం ఉంది కాబట్టి రాస్తున్నాను.

2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగినప్పుడు మేము జాఫర్‌ఖాన్‌పేటలో కింది వాటాలో ఉన్నాము. పిల్లలను తీసుకుని మేడ మీదికి వెళ్లాము, బీరువా కింది అరలోని ఆల్బములు గుర్తుకు రాలేదు. మూడో రోజున దిగి చూస్తే అవి బురదలో ఉన్నాయి. మా పెళ్లి ఫొటోలు 1994లో ల్యాబులో కడిగించినవి. పాత ఫొటోల పని తెలిసిన ఒక బంధువు ఫోనులో చెప్పినట్లుగా, వాటిని ఆరనివ్వకుండా తడిగా ఉండగానే బకెట్లలోని మంచి చల్లని నీళ్లలో వేసి, వాటంతట అవి విడేదాకా ఆగి, బొమ్మ ఉన్న వైపును చేత్తో తాకకుండా ఊపి కడిగి, బట్టల తీగకు క్లిప్పులు పెట్టి నీడలో ఆరవేశాము. అంచుల్లో మరకలు ఉన్నాయి, కొన్నింటి మీద పొర ఊడింది, అయినా నూటికి ఎనభై దాకా మిగిలాయి. ఫ్రేములో గాజుకు అంటుకున్నదాన్ని నేను తొందరపడి లాగడంతో మా అత్తగారి ముఖం గాజు మీదే ఉండిపోయింది. దాన్ని గాజుతో సహా నీళ్లలో ఉంచవలసిందని తరువాత తెలిసింది.

మా పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు ఇంట్లో ఇంకు ప్రింటరు మీద తీసుకున్నవి. అవి నీళ్లలోనే కరిగిపోయాయి. కాగితాలు బాగానే ఉన్నాయి, వాటి మీద గులాబీ, నీలం చారలు తప్ప ఏమీ లేదు. ఆ ఫొటోల ఫైళ్లు ఉన్న కంప్యూటరు కూడా అదే గదిలో మునిగింది. చివరకు మాకు ఆ రోజువి దక్కినవి నెల్లూరులో మా బావగారికి పోస్టులో పంపిన పదకొండు ప్రింట్లు మాత్రమే. ఆయన అవి నాకు తిరిగి ఇస్తూ ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేకపోయాను.

మీరు ఎక్కడ తీయించినా రెండు సెట్లు తీయించి, ఒకటి మరో ఊరిలో ఉంచండి. ఆల్బములు నేల మట్టానికి దగ్గరలో పెట్టవద్దు. జిగురు పూసిన పేజీల మీద పలుచని ప్లాస్టిక్కు తెర కప్పే పాత తరహా ఆల్బములు కొనవద్దు, కొన్నేళ్లకు ఫొటో పేజీకి అతుక్కుపోయి ఇక రాదు. ఘాటు వాసన వేసే పీవీసీ జేబులవి కూడా వద్దు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కు జేబులవి అడగండి.


మాంబళంవాసి తిరిగి రాసినది

ముగ్గురికీ నా నమస్కారాలు. అడయారుగట్టు గారూ, మీరు రాసింది చదివి ఆ రాత్రే మా మంచం కింద ఉన్న పెట్టెను అటక మీదికి ఎక్కించాను.

చీకటిగది గారు చెప్పినట్లు ఆరు ఫొటోలు రెండు ల్యాబుల్లో వేయించాను, మూడో సెట్టును మా పక్కవాటా వారి ఇంకు ట్యాంకు ప్రింటరు మీద తీశాను. మొదటి ల్యాబులో కవరు మీద రాయించినా నాన్నగారి ముఖం మళ్లీ తేలికపడింది. రెండోది కోడంబాక్కంలో పెళ్లి ఫొటోగ్రాఫర్లు వెళ్లే చోటు, అక్కడి అబ్బాయి కవరు చదివి, "అక్కా, అసలు ముట్టుకోవద్దా?" అని రెండుసార్లు అడిగి మరీ వేశాడు. చీర ఎరుపును నేను ముందే కొద్దిగా దించి ఇచ్చాను. పక్కవాటా ప్రింటరు మీద తీసినవి చూడగానే అన్నింటికంటే మెరిసిపోయాయి, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ నాలుగో ఫొటోకే సన్నని తెల్ల గీతలు పడ్డాయి, హెడ్ క్లీనింగు మూడుసార్లు పెట్టాక గానీ పోలేదు. అది కొని ఎనిమిది నెలలైందట, వాళ్లు వాడింది పదిసార్లు కూడా లేదు.

మూడు సెట్లనూ ఏది ఎక్కడిదో చెప్పకుండా మధ్యాహ్నం వసారాలో అమ్మ ముందు పరిచాను. పెళ్లి ఫొటోల్లో కోడంబాక్కం ప్రింటు మీద వేలు పెట్టి, "ఇది నా చీర. కంచి నుంచి మా నాన్న తెచ్చింది. మిగిలినవి ఎవరివో" అంది. ఇక నాకు పోల్చవలసింది ఏమీ మిగలలేదు. అక్కడే రెండు సెట్లు ఇస్తున్నాను, ఒకటి మాకు, ఒకటి నెల్లూరులో పిన్ని ఇంటికి. గుంపు ఫొటోలు 70 దాకా 6×8 తీయిస్తున్నాను. తమ్ముడు ముఖం కాస్త ముడుచుకున్నాడు గానీ, సెల్ఫీ ప్రింటరు ఉన్న స్నేహితుడు వాడికే ఉన్నాడు, ఆ రోజు తాంబూలం ఫొటోల పని మొత్తం తనదేనన్నాడు. ఆరురంగులు గారూ, తాతగారి ఫొటోలు మూడింటిని ఓపికగా చేసేవారి కోసం వెతుకుతున్నాను.

చివరగా ఒక సందేహం. పాత ఫొటోల్లో ఎవరెవరో అమ్మమ్మకు మాత్రమే తెలుసు, ఆవిడకు 84 ఏళ్లు. కొత్త ప్రింట్ల వెనుక పేర్లు రాయాలనుకుంటున్నాను. దేనితో రాస్తే ఫొటోకు హాని ఉండదు?


చీకటిగది రాసిన జవాబు

బాల్‌పెన్ను వద్దమ్మా. నొక్కితే ఆ గాడి ముందువైపు ముఖాల మీద తేలుతుంది. ఈ కాగితం వెనుకవైపు ప్లాస్టిక్కు పూత ఉంటుంది కాబట్టి పెన్సిలు సరిగ్గా పట్టదు, మామూలు సిరా ఆరదు, పక్క ఫొటోకు అంటుతుంది. పిగ్మెంటు ఇంకు ఉన్న సన్నమొన మార్కరు స్టేషనరీ దుకాణంలో అడగండి. దానితో, ముఖాలు ఉన్న చోటికి వెనుక కాకుండా కింది అంచు దగ్గర తేలిక చేత్తో రాసి, ఒక్కొక్కటి విడిగా పరిచి, పూర్తిగా ఆరాకనే ఒకదాని మీద ఒకటి పెట్టండి. పాత అసలు ప్రింట్లు మందపాటి మామూలు కాగితానివైతే వాటికి మెత్తని పెన్సిలే మంచిది.

ప్రింట్లు వచ్చేదాకా ఆగవద్దు. స్కాన్ చేసిన ప్రతి ఫొటోకూ ఒక నంబరు ఇచ్చి, అమ్మమ్మగారి పక్కన నోటుబుక్కుతో కూర్చుని, నంబరు ఎదురుగా ఎడమ నుంచి కుడికి పేర్లు, వరస, ఊరు ఈ వారంలోనే రాసుకోండి. ఆవిడ చెబుతున్నప్పుడు ఫోనులో మాట కూడా రికార్డు చేసి ఉంచండి.